నల్ల పూత కింద

తప్పు చేయలేదని మొత్తుకునేవాళ్లను నమ్మకపోవడం పోలీసులందరికీ వచ్చిన విద్యే. తప్పు చేశానని తొందరపడేవాళ్లను నమ్మకూడదని మాత్రం నాకు ఇరవయ్యేళ్ల డిటెక్టివ్ ఉద్యోగం నేర్పింది. నేడీన్ పర్విస్ ఈ రెండో రకం.

కౌంటీ జైల్లో ఆవిడ ఎదురుగా కూర్చునేసరికి ఉదయం తొమ్మిదైంది. యాభై దాటిన మనిషి. లార్క్‌ఫీల్డ్ కంపెనీ బట్టీలో పద్దెనిమిదేళ్లుగా పలకలు కాలుస్తోంది. అంతరిక్షం నుంచి దిగే ఓడ కడుపుకి అతికించే పలకలవి. చూడ్డానికి ఇటుకంత ఉంటాయి, చేతిలోకి తీసుకుంటే రొట్టెముక్కంత బరువు కూడా ఉండవు. ఓడ గాలిని చీల్చుకుంటూ వచ్చేటప్పుడు పుట్టే మంటను లోపలికి రానివ్వకుండా కాచేది అవే.

మే నెలలో పెలికన్ అనే ఓడ దిగుతుండగా ఎడమ చక్రాన్ని మడిచిపెట్టే అర దగ్గర అలాంటి పలక ఒకటి పగిలి లేచిపోయింది. ఆ సందులోంచి దూరిన వేడికి టైరు పేలింది. రన్‌వే మీద ఓడ పల్టీ కొట్టి, దాన్ని ఒంటరిగా నడుపుతున్న వెల్డన్ థార్ప్ చనిపోయాడు. చక్రం అరలో ఇరుక్కున్న పలక ముక్కలో ఉప్పు జాడ కనబడింది. నేడీన్ లాకరులో ఉప్పు డబ్బా కనబడింది. కంపెనీ భద్రతాధికారి గ్రేడీ స్ట్రౌడ్ ఆ రెండింటికీ ముడి వేశాడు. పైగా ఆవిడ అడగ్గానే ఒప్పేసుకుంది.

ఇప్పుడు రెండో పెలికన్ పైన తిరుగుతోంది. అందులో నలుగురున్నారు. దొంగ దొరికింది కదా, ఇక భయమేముందని కంపెనీవాళ్లు పోయిన వారమే దాన్ని ఎగరేశారు. ఈ మధ్యాహ్నం దిగాలి. దాని పలకలు నేడీన్ జైలుకొచ్చాక కాల్చినవి కాబట్టి, ఆవిడ చెప్పేది నిజమైతే ఆ నలుగురికీ ఏమీ కాదు. అబద్ధమైతే ఏమవుతుందో అడిగేవాడే లేడు.

ఉప్పు ఎలా వేశావని అడిగాను. చల్లానంది. పొడిగానా, నీళ్లలో కలిపా అన్నాను. పొడిగానే అంది. ఎందుకని అడిగితే, సూపర్‌వైజర్ పని తనకివ్వలేదన్న కోపంతో అంది. ఎవరో అప్పజెప్పిన పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పింది, కళ్లు మాత్రం గోడ మీదే ఉన్నాయి.

“రాసేసుకోండి మేడమ్, అయిపోతుంది,” అంది.

“రాస్తాను. పలకలో ఉప్పు ఒక్కచోటే ఉందట. చల్లితే అంతటా పడాలిగా?”

ఆవిడ దానికి బదులు తనే ఒక ప్రశ్న అడిగింది. “రొవీనా ఎలా ఉంది?”

రొవీనా అంటే చనిపోయిన థార్ప్ భార్య. చంపిన మనిషి చచ్చినవాడి పెళ్లాం యోగక్షేమాలు అడుగుతోంది. నా అనుమానం అక్కడితో గట్టిపడింది. లేవమన్నాను.

“ఎక్కడికి?”

“మీ బట్టీకి. ఎలా చల్లావో చూపిద్దువుగాని.”

ఆవిడ మొహంలో మొదటిసారి భయం చూశాను.

బట్టీ గది గుమ్మంలోనే స్ట్రౌడ్ అడ్డం నిలబడ్డాడు. ఒకప్పుడు మేమిద్దరం ఒకే స్టేషన్లో పని చేశాం. నేను పట్టుకున్న దొంగల పక్కన నిలబడి ఫొటోలు దిగడం అతనికి అలవాటు. తరవాత పెద్ద జీతానికి ఇక్కడికొచ్చాడు, అలవాటు మాత్రం వెంట తెచ్చుకున్నాడు.

“దీన్ని ఇక్కడికెందుకు తెచ్చావ్ మాబ్రీ? ఒప్పుకున్న కేసు కెలికితే నీకేమొస్తుంది?”

“నిద్రొస్తుంది. నెల్లాళ్లుగా రావట్లేదు.”

“పైన నలుగురున్నారు. ఈ టైములో ఇక్కడ గొడవ పెట్టకు.”

“పైన నలుగురున్నారనే వచ్చాను. తప్పుకో.”

కోర్టు కాగితం చూపించాక తప్పుకున్నాడు గానీ, మా వెనకే నీడలా వచ్చాడు. నేడీన్ లాకరులోకి ఆ ఉప్పు డబ్బా పెట్టింది ఇతనేనేమోనని నాకు మొదటి నుంచీ ఒక మూల అనుమానం ఉంది. ఆ మాటే మొహమాటం లేకుండా అడిగేశాను. అతను నవ్వి, ఆ డబ్బా ఎవరిదో నేడీన్‌నే అడగమన్నాడు. నాదేనంది నేడీన్. వేరుశనక్కాయలు ఉడకబెట్టడానికట. ఇక్కడ రోడ్డు పక్కన ఎక్కడ చూసినా ఉప్పునీళ్లలో ఉడికిన వేరుశనక్కాయలే కాబట్టి అందులో ఆశ్చర్యం లేదు. కానీ ఒక్క మనిషి తినడానికి అంత పెద్ద డబ్బా ఎందుకని మనసులో ఒక ముల్లు మిగిలింది.

గదిలో ఇంకా ఇద్దరున్నారు. ఒకరు పరీక్షల డాక్టరు ఇమొజెన్ పెల్, పలకలు ఎందుకు పగులుతాయో చూడటమే ఆమె పని. రెండోవాడు బడ్ లెడ్‌బెటర్. నేడీన్ పక్కన పన్నెండేళ్లుగా పని చేసిన మనిషి. నేడీన్ చేతులకి బేడీలు చూసి అతను తల తిప్పుకున్నాడు.

పనికిరాని పలక ఒకటి బల్ల మీద పెట్టించాను. తెల్లగా ఉంది, దాని మీద ఇంకా నల్ల పూత వేయలేదు. బేడీలు విప్పి, ఉప్పు డబ్బా చేతికిచ్చి, ఆ రోజు చేసింది చేసినట్టు చెయ్యమన్నాను. నేడీన్ ముందు పక్కనున్న పెట్టెలోంచి చేతి తొడుగులు తీసి తొడుక్కుంది. తరవాత డబ్బా ఎత్తింది. చెయ్యి పలక మీదికి వెళ్లి అక్కడే ఆగిపోయింది. డబ్బా వంగలేదు. పనికిరాని పలకే, చెత్తలో పారేసేదే, అయినా దాని మీద ఉప్పు పోయడం ఆవిడ వల్ల కాలేదు.

“చాలు,” అన్నాను. నాకే జాలేసింది.

“నటన,” అన్నాడు స్ట్రౌడ్.

“తొడుగులు వేసుకుని మరీ పలక పాడుచేసే దొంగని నువ్వెక్కడైనా చూశావా?”

డాక్టర్ పెల్‌ని అసలు ఉప్పుకీ పలకకీ ఉన్న పగేమిటో అందరికీ వినబడేలా చెప్పమన్నాను. ఆమె క్లుప్తంగా చెప్పింది. పలకంతా గాజు పోగులే, దూదిలా అల్లుకుని ఉంటాయి. గాజుగా ఉన్నంతసేపూ ఎంత వేడైనా తట్టుకుంటాయి. రవ్వంత ఉప్పు తగిలితే మాత్రం, బట్టీ వేడికి అక్కడి గాజు గాజుగా ఉండక పటికబెల్లంలా పలుకులు కట్టిపోతుంది. ఆ పలుకులు చల్లారేటప్పుడు ఒక్కసారిగా కుంచించుకుపోతాయి, చుట్టూ ఉన్న గాజు కుంచించుకోదు. రెండింటి మధ్యా పగులు పడుతుంది. పైన నల్ల పూత ఉంటుంది కాబట్టి ఎవరికీ కనబడదు. ఓడ మంటలోంచి దిగినప్పుడు మాత్రం పూతతో సహా లేచిపోతుంది.

“ఎంత ఉప్పు ఉండొచ్చు అందులో?”

“చిటికెడులో వెయ్యో వంతు కూడా లేదు. ఆ సంగతి నేను మొదట్లోనే చెప్పాను.” పెల్ స్ట్రౌడ్ వంక చూసింది.

“ఉప్పు ఉప్పే,” అన్నాడతను.

చక్రం అరలో దొరికిన ఆ పలక ముక్కని తెప్పించాను. బొటనవేలంత నల్ల పెంకు అది. పైవైపు కాలి బొబ్బలెక్కి ఉంది. తిరగేసి దీపం కింద పెట్టాను. లోపలివైపు కోడిగుడ్డు ఆకారంలో ఒక తెల్ల మచ్చ ఉంది. భూతద్దం పెట్టి చూస్తే అది వట్టి మచ్చ కాదు, గీతలు. ఒకదాని లోపల ఒకటి వంపు తిరిగిన గీతలు. పగుళ్లు ఆ గీతల వెంటే పోయాయి.

ఇలాంటి గీతలు రోజూ చూసేదాన్ని, పోల్చుకోడానికి ఎంతోసేపు పట్టలేదు.

“వేలిముద్ర,” అన్నాను.

“అది మాకూ తట్టింది,” అన్నాడు స్ట్రౌడ్, విసుగ్గా. “కంపెనీలో ఉన్న ప్రతివాడి వేలితోనూ పోల్చాం. ఎవరిదీ కలవలేదు. ఉత్త పగుళ్లే అవి.”

“ఏ వైపు నుంచి చూసి పోల్చారు?”

“ఏ వైపేంటి? ఇదిగో, ఇలా.” పెంకు లోపలివైపు చూపించాడు.

“వేలు పెట్టింది పలక మీద. నీ చేతిలో ఉన్నది దాని మీద వేసిన పూత. అద్దంలో మొహం చూసుకున్నట్టు కుడి ఎడమైపోదూ? తిప్పి పోల్చావా?”

స్ట్రౌడ్ పెంకుని బల్ల మీద పెట్టేశాడు. మా స్టేషన్లో ఉన్నప్పుడు కూడా వేలిముద్రల పని అతనికి ఎప్పుడూ కింద వాళ్లే చేసి పెట్టేవాళ్లు.

మచ్చని ఫొటో తీసి, తిప్పి, మా ఆఫీసులో వేలిముద్రలు చూసే ఆయనకి పంపించాను. కంపెనీ పనివాళ్ల ముద్రలన్నీ కేసు మొదట్లోనే ఆయన దగ్గరికి చేరాయి. నేడీన్‌తో మొదలుపెట్టమన్నాను. వాటితో పాటు ఇంకో ముద్ర కూడా చూడమన్నాను. అది ఎవరిదో అక్కడ పైకి అనలేదు. నాకే అది పిచ్చి ఆలోచనలా తోచింది.

జవాబు వచ్చేలోపు గదంతా ఓసారి కలయజూశాను. పూత వేసే బల్ల పక్కన చెత్త డబ్బా ఉంది. చాన్నాళ్లుగా ఖాళీ చెయ్యలేదేమో, వాడి పారేసిన చేతి తొడుగులతో నిండిపోయింది. పైపైన వెతికితే ఏమీ లేదు. అడుగుకి చెయ్యి పెట్టి కెలికితే నాలుగు తొడుగులు ఒక ఉండలా చుట్టి దొరికాయి. నాలుగూ కుడిచేతివే. నాలుగింటికీ బొటనవేలు దగ్గర కత్తెరతో శుభ్రంగా కత్తిరించి ఉంది. వాసన చూశాను. ఉడికిన వేరుశనక్కాయల వాసన.

“ఇవెవరివి?”

నేను అడిగింది గదిని. బడ్ లెడ్‌బెటర్ మాత్రం తన చేతులు చటుక్కున జేబుల్లో పెట్టుకున్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టే ఉంది వ్యవహారం. కానీ నన్ను ఆశ్చర్యపరిచింది అతను కాదు, నేడీన్. ఆ తొడుగులు చూడగానే ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు.

“బడ్,” అంది మెల్లగా. “ఎప్పటివి ఇవి?”

అతను చెత్త డబ్బా వైపు చూశాడు.

“నిన్నేరా అడుగుతున్నాను. నేను జైలుకి పోయాకా చేశారా?”

అప్పుడే నా ఫోను మోగింది. మా వేలిముద్రల పెద్దాయన గొంతు తగ్గించి మాట్లాడాడు. నేడీన్‌ది కాదట. పనివాళ్లెవరిదీ కాదట. రెండోది, నేను విడిగా చూడమన్నది మాత్రం అతికినట్టు కలిసిందట. శవాగారంలో తీసిన ముద్ర అది.

ఫోను పెట్టేసి నేడీన్ ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాను. “ఆ వేలు వెల్డన్ థార్ప్‌ది. తన పలక మీద తనే వేలు పెట్టాడు. నీకు తెలుసు.”

స్ట్రౌడ్ ఏదో అనబోయాడు. నేను చెయ్యి ఎత్తితే ఆగాడు.

నేడీన్ ఏడవలేదు. ఏడిస్తే బాగుండుననిపించింది. మెల్లగా, మధ్యమధ్య ఆగుతూ చెప్పుకొచ్చింది. ఇది బట్టీవాళ్ల ఆచారం. ఎగరబోయేవాళ్లు చూడ్డానికి వచ్చిన రోజు ఆవిడ పెద్ద గిన్నెడు వేరుశనక్కాయలు ఉడకబెడుతుంది. అందరూ కలిసి తింటారు. తరవాత ఎగిరే మనిషి కుడిచేతి బొటనవేలు ఒక పలక మీద ఒత్తుతాడు. ఆ పలక అతన్ని క్షేమంగా ఇంటికి తెస్తుందని నమ్మకం. ఏళ్ల తరబడి ఇది పూత వేసి కాల్చేసిన పలకల మీదే చేశారు, ఒత్తగానే తుడిచేసేవాళ్లు. ఎవరికీ ఏమీ కాలేదు. పోయిన ఏడాది స్ట్రౌడ్ నల్ల మెరుపు మీద తుడవగా మిగిలిన మరక ఒకటి చూశాడు. ఇంకో మరక కనబడితే మొత్తం షిఫ్టుని ఇంటికి పంపిస్తానన్నాడు.

“అందుకని కనబడకుండా పూత కిందికి మార్చాం,” అంది. “థార్ప్ మొదటివాడు. తొడుగు నేనే కత్తిరించాను. ఉప్పు చేతులు ఒంటికి తుడుచుకుని, పకపకా నవ్వుతూ పెట్టాడు. తొడుగులు దుమ్ము పడకుండా అనుకున్నాం మేడమ్, ఇన్నేళ్లూ. చెమట తగిలినా పలక పాడవుతుందని ఎవరూ చెప్పలేదు. స్ట్రౌడ్‌గారు ఉప్పు అన్న రోజు నాకు అర్థమైంది.”

“మరి ఆ రోజే చెప్పొచ్చుగా?”

“ఎవరికి? రొవీనాకా? మీ ఆయన తన వేలితో తనే చచ్చాడని చెప్పనా? నన్ను తిట్టుకుంటే తిట్టుకోనివ్వండి. తిట్టుకోడానికి ఒక మనిషంటూ ఉంటుంది. అది ఆ ఒక్క పలకతో పోయిందనుకున్నాను. నేను లేకపోతే ఇంక ఎవరూ చెయ్యరనుకున్నాను.” బడ్ వైపు తిరిగింది. “ఎందుకు చేశారురా?”

బడ్ జేబుల్లోంచి చేతులు తీశాడు. పెద్ద మనిషి, చిన్నపిల్లాడిలా నిలబడ్డాడు. “నువ్వు లేవని మానేస్తే అపశకునం అనుకున్నాం నేడీన్. థార్ప్ అలా పోయాక అసలు మానకూడదనుకున్నాం. నువ్వు చేసినట్టే వేరుశనక్కాయలు ఉడకబెట్టాం. ఇంకాస్త ఉప్పు ఎక్కువే పడింది.”

“ఎంతమంది పెట్టారు?” అని అడిగాను. తెలిసే అడిగాను.

“నలుగురూ.”

“ఆ పలకలు ఎక్కడ అతికించారు?”

“ముందు చక్రం అర వెనకాల. నాలుగూ పక్కపక్కనే. అలా పెట్టమని వాళ్లే అడిగారు, కలిసి దిగుతాం కదా అని.”

డాక్టర్ పెల్ గట్టిగా ఊపిరి తీసుకుంది. ఒక్క పలక పోతే టైరు పేలింది. నాలుగు పక్కపక్కన పోతే ఏమవుతుందో ఆమెను అడగలేదు, ఆమె మొహం చాలు.

స్ట్రౌడ్ గోడకున్న ఫోను వైపు నడిచాడు. కంట్రోలు గదికి నేరుగా పోయే లైను అది. తన ఆజ్ఞ వల్లే ఆ వేళ్లు పూత కిందికి పోయాయని ఇప్పుడు గదిలో అందరికీ తెలుసు. లైను తెంచేస్తాడనుకుని ఒక్క అంగలో వెళ్లి మణికట్టు పట్టుకున్నాను.

“వదులు మాబ్రీ,” అన్నాడు. గొంతు పూర్తిగా మారిపోయింది. “నంబరు నొక్కనీ.”

అతన్ని అపార్థం చేసుకోవడం ఆ ఉదయంలో నేను చేసిన తప్పు. వదిలేశాను. అతను నొక్కి, రెండు మాటల్లో సంగతి చెప్పి, అవతలి మాట అందరికీ వినబడేలా స్పీకరు పెట్టాడు. దిగొద్దనండి, పైనే ఉండమనండి అన్నాడు.

అవతలివాడు, మధ్యాహ్నం ఓడ దిగే కేప్ తీరం మీద ఉరుములు పట్టేలా ఉన్నాయని దిగడం ముందుకు జరిపామన్నాడు. కిందికి దిగడానికి వేగం తగ్గించే ఇంజను మండించి పావుగంటైంది. ఇక వెనక్కి పోవడమన్నది లేదు. మంటలోకి వచ్చేలోపు ముక్కు కాస్త ఎత్తి పట్టుకుంటే ముందు భాగం మీద వేడి కొంత తగ్గించవచ్చు, ఏ పలకలో చెప్పండి అన్నాడు. బడ్ చెప్పాడు.

“కమాండర్ ఇంకో లైన్లో ఉంది,” అన్నాడు కంట్రోలువాడు. “అలవాటు లేని కోణంలో దించమంటున్నాం. కారణం అడుగుతోంది. ఏమని చెప్పమంటారు?”

నేడీన్ ముందుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది. “పగుళ్ల సంగతి చెప్పండి మేడమ్. వేళ్ల సంగతి వద్దు. ఈ ఘడియలో వాళ్లకి అది తెలియకూడదు. బట్టీలో తప్పు జరిగిందనండి. నా తప్పేనని చెప్పండి.”

పొద్దుటి నుంచీ ఆ మాట అబద్ధమని నిరూపించడానికే తిరిగాను. ఇప్పుడు ఫోను అందుకుని, కమాండర్ లైను కలిపించుకుని, నా నోటితో నేనే ఆ అబద్ధం చెప్పాను. పలకలు నాలుగు పగిలి ఉండొచ్చనీ, కాల్చడంలో నేడీన్ పర్విస్ తప్పు చేసిందనీ, ముక్కు ఎత్తి పట్టుకోమనీ చెప్పాను.

గరగరల మధ్య కమాండర్ వాండా క్రౌడర్ గొంతు వినబడింది. నిబ్బరంగానే ఉంది. “సరే. ఎత్తుతున్నాను. ఏ నాలుగు?”

కంట్రోలువాడు చెప్పాడు.

మళ్లీ ఆమె గొంతు వచ్చింది, ఈసారి నెమ్మదిగా, లెక్క వేసుకుంటున్నట్టు.

“జూన్‌లో నేడీన్ జైల్లో ఉంది కదా. మేం బట్టీకొచ్చిన రోజు ఆమె లేదు. ఆ నాలుగూ మా...”

ఆ తరవాత ఓడ మంటలోకి వచ్చేసింది. స్పీకరులో వట్టి గాలి హోరు మిగిలింది.